చేతికి తెలియాల్సిన బరువు

పాత జీపు స్టీరింగ్ బరువుగా ఉంటుందని నడిపిన వాళ్లంతా అంటారు. ఎందుకు బరువుగా ఉందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. మొదటి మాట దగ్గరే ఆగిపోతే పవర్ స్టీరింగ్ పెట్టించుకుంటాం. రెండో ప్రశ్న దాకా వెళితే బండిని అర్థం చేసుకుంటాం. ఎవరో పెట్టించిన పవర్ స్టీరింగ్‌ను సరిచేయించే పనిలో నాకు ఆ రెండో ప్రశ్న విలువ తెలిసింది. సాయం అంటే ఏమిటో, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆలోచించడం కూడా అక్కడే మొదలైంది.

అమెరికా సైన్యం రికార్డుల్లో జీపు అంటే కారు కాదు, ట్రక్కు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే పావు టన్ను ట్రక్కు. యుద్ధం ముగిశాక ఆ ట్రక్కే పొలాలకు, అడవులకు, ఆఫీసులకు వచ్చింది. అందులో సీజే-3బీ అనే రకాన్ని విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చింది. లోపలి హరికేన్ ఇంజిన్ ఎత్తు ఎక్కువ కావడంతో బానెట్‌ను కూడా ఎత్తుగా కట్టారు. అమెరికాలో దాని తయారీ 1968లో ఆగిపోయినా ఇక్కడ మహీంద్రా వాళ్లు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తయారుచేస్తూనే వచ్చారు. తెలుగు పల్లెల్లో ఒక తరానికి ప్రభుత్వం అంటే ఈ బండే. సమితి ఆఫీసు ముందు నిలబడ్డదీ ఇదే, మన్యం సంతలకు మనుషుల్నీ మూటల్నీ కలిపి మోసిందీ ఇదే. నా దగ్గరున్నది అలాంటి ఒక ఎత్తు బానెట్ జీపు. నా చేతికి వచ్చేసరికే దానికి పవర్ స్టీరింగ్ అమర్చి ఉంది.

ఈ బండి పుట్టినప్పటి స్టీరింగ్ ఎలా ఉండేదో ముందు చెప్పాలి. సన్నటి 6.00-16 టైర్లు. చాసీ పక్కన ఒక చిన్న స్టీరింగ్ బాక్సు. దాని నుంచి బయటికొచ్చే డ్రాప్ ఆర్మ్ ఒక రాడ్డును ముందుకూ వెనక్కూ తోస్తుంది. ఆ రాడ్డు బండి మూతి మధ్యలో ఉన్న బెల్ క్రాంక్ అనే లీవరును తిప్పుతుంది. బెల్ క్రాంక్ ఆ కదలికను అడ్డంగా మళ్లించి టై రాడ్ల ద్వారా చక్రాలకు అందిస్తుంది. చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్ల వాలు, అంటే క్యాస్టర్, 3 డిగ్రీలు. ఈ ఏర్పాటులో ప్రతిదీ మిగతా వాటిని లెక్కలోకి తీసుకుని పెట్టిందే. టైరు సన్నగా ఉండబట్టే చిన్న బాక్సు సరిపోయింది. నిలబెట్టి తిప్పితే బరువే కానీ, బండి నాలుగడుగులు కదిలిందంటే ఆ బరువు సగానికి పైగా దిగిపోతుంది.

నా ముందటి యజమాని, అంతకు ముందటాయన కలిసి చేయించిన మార్పుల్ని వరుసలో పెట్టి చూస్తే ఒక కథ కనపడుతుంది. మొదట వెడల్పాటి మట్టి టైర్లు వచ్చాయి. అవి పట్టడానికి బయటికి పొడుచుకొచ్చిన రిమ్ములు వేశారు. కింగ్‌పిన్ గీత నేలను తాకే చోటికీ, టైరు మధ్య భాగానికీ దూరం పెరిగింది. అంత దూరంలో ఉన్న టైరును తిప్పాలంటే చేతికి అంత ఎక్కువ బలం కావాలి. టైర్లు బాడీకి తగలకుండా ముందు కమాను కట్టలకు పొడవైన షాకిళ్లు వేశారు. దాంతో బండి మూతి లేచింది, యాక్సిల్ హౌసింగ్ ముందుకు తిరిగింది, క్యాస్టర్ దాదాపు పోయింది. అయినా టైర్ల వల్ల స్టీరింగ్ ఇక మోయలేని బరువైంది. అప్పుడు పవర్ స్టీరింగ్ పెట్టారు. పెద్ద బండి నుంచి తీసిన బాక్సును ఖాళీ దొరికిన చోట, కుడివైపు చాసీ మీద ఎత్తుగా వెల్డింగ్ చేసి నిలబెట్టారు. బెల్ క్రాంకును తీసేసి, బాక్సు నుంచి దగ్గరి నకిల్‌కు, అంటే చక్రాన్ని పట్టుకుని తిప్పే భాగానికి, పొట్టి డ్రాగ్ లింకును ఏటవాలుగా దించారు. స్టీరింగ్ తేలికైంది. కానీ గుంత వచ్చిన ప్రతిసారీ బండి పక్కకు దూకడం మొదలైంది. చివరగా ఆ దూకుడును అణచడానికి ఒక స్టీరింగ్ డ్యాంపర్ బిగించారు.

ఇందులో ఎవరూ చెడ్డ పని చేయాలని చేయలేదు. ఎదురుగా కనపడిన బాధకు ప్రతి ఒక్కరూ మందు వేశారు. ఆ బాధ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. టైరు తెచ్చిన బరువును నూనె ఒత్తిడితో కప్పారు, నూనె బాక్సు తెచ్చిన దూకుడును డ్యాంపరుతో కప్పారు. ఒక్కో పొర కింద ఒక్కో లోపం చెక్కుచెదరకుండా బతికే ఉంది.

కోనసీమలో కాలవ గట్ల మీది రోడ్లు ఎరిగినవాళ్లకు ఈ లోపం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఒకవైపు నీళ్లు, మరోవైపు వరి పొలం, మధ్యలో ఒక లారీ పట్టేంత దారి. తూము దగ్గర చిన్న ఎత్తు వస్తుంది. చక్రం ఆ ఎత్తు ఎక్కగానే, నేను చేయి కదపకుండానే బండి కాలవ వైపు తిరిగేది. దిగగానే పొలం వైపు తిరిగేది. స్టీరింగ్ మాత్రం వేలితో తిప్పేంత తేలిక. చక్రాలు ఏం చేస్తున్నాయో చేతికి ఏమాత్రం తెలియని తేలిక అది. వేరే బండ్లలో బరువైన స్టీరింగ్‌తో అలసిపోయాను కానీ ఎన్నడూ భయపడలేదు. భయం తేలికైన స్టీరింగ్ దగ్గరే తెలిసింది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్టీరింగులు, ముందు యాక్సిళ్లు చూసే ఒక పెద్ద మేస్త్రిగారి దగ్గరికి బండి తీసుకెళ్లాను. ఆయన వెంటనే స్పానరు పట్టుకోలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, చక్రాలు నేల మీద ఉండగానే స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపమన్నారు. తను కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చేయి పెట్టి చూశారు. ఏది ముందు కదులుతోంది, ఏది ఆలస్యంగా కదులుతోంది, ఏది కదలకూడని చోట కదులుతోంది అన్నది ఆయన వేళ్లే పట్టుకున్నాయి. బాక్సు బిగించిన చోట చాసీయే ఊపిరి తీస్తున్నట్టు వంగుతోందని చూపించారు. లేచి చేతులు తుడుచుకుంటూ, "బాబూ, దీనికి బలం తక్కువ కాలేదు, దారి తప్పింది. బలం పెంచితే ఇంకా తప్పుతుంది" అన్నారు.

ఆ మాట విన్నాక పవర్ స్టీరింగ్ పుట్టుక గురించి చదివింది కొత్తగా అర్థమైంది. ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజినీరు పియర్స్-యారో కంపెనీ ట్రక్కుల విభాగంలో పనిచేసి, ఆ పెద్ద బండ్లను తిప్పడానికి డ్రైవర్లు పడే కష్టాన్ని కళ్లారా చూశాడు. మసాచుసెట్స్‌లోని వాల్తామ్‌లో సొంతంగా పనిచేసి, 1926 నాటికి నూనె ఒత్తిడితో సాయపడే స్టీరింగును ఒక పియర్స్-యారో కారుకు అమర్చి నడిపి చూపించాడు. ఆర్థిక మాంద్యంలో అది మూలపడింది. మామూలు కార్ల కొనుగోలుదారులకు అందింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో.

ఆ పద్ధతిలోని తెలివి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. పంపు ఎప్పుడూ నూనెను తిప్పుతూనే ఉంటుంది కానీ, స్టీరింగ్ తిన్నగా ఉన్నంతసేపూ నూనె ఊరికే వెళ్లి వస్తుంది, ఎవరినీ తోయదు. తర్వాత వచ్చిన బాక్సుల్లో స్టీరింగ్ రాడ్డుకూ లోపలి గేరుకూ మధ్య ఒక సన్నటి ఉక్కు కడ్డీ ఉంటుంది. చేయి తిప్పితే, చక్రాల బరువు అడ్డుపడితే, ఆ కడ్డీ కొద్ది డిగ్రీలు మెలిపడుతుంది. ఆ మెలికకే వాల్వు తెరుచుకుంటుంది. మెలిక ఎంతో, సాయం అంత. చేయి ఆగితే మెలిక విడిపోతుంది, సాయమూ ఆగుతుంది. పంపు చచ్చిపోయినా, ఇంజిన్ ఆగిపోయినా కడ్డీ ఒక హద్దు దాకా మెలిపడి అక్కడ గట్టిగా పట్టుకుంటుంది. బరువుగానే అయినా చేతికీ చక్రానికీ సంబంధం తెగదు. అంటే చేయి అడిగాకే సాయం, అడిగినంతే సాయం. అది లేనిరోజున కూడా మనిషి నిస్సహాయుడు కాడు. ఇంత మర్యాద తెలిసిన యంత్రాన్ని, అది ఏ లెక్కల మధ్య పనిచేయాలో చూడకుండా, ఖాళీ దొరికిన చోట అతికించడమే నా జీపుకు జరిగిన అన్యాయం.

సరిచేసే పని బాక్సుతో మొదలవలేదు, టైర్లతో మొదలైంది. మేస్త్రిగారి పట్టుదల అది. వెడల్పు టైర్లు, పొడుచుకొచ్చిన రిమ్ములు తీసేసి అసలు కొలతకు దగ్గరి సన్న టైర్లు వేశాం. షాకిళ్లు పాత పొడవుకు తెచ్చాం. కింగ్‌పిన్ బేరింగుల కింద షిమ్ములు మార్చి, టై రాడ్డు విప్పేసి, నకిల్ చివర స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూశారు. మరీ వదులైతే చక్రం వణుకుతుంది, మరీ బిగువైతే మలుపు తర్వాత తిరిగి రాదు. పవర్ సాయం కప్పిపెట్టిన స్టీరింగ్ బరువులో చాలా భాగం ఇక్కడికే పోయింది. ఇంకా బాక్సును ముట్టుకోనే లేదు.

తర్వాతిది డ్రాగ్ లింకు. బండి గుంతలో దూకడానికి కారణం ఇక్కడే ఉంది, అది సూటిగా లెక్కకు అందుతుంది. లింకు ఒక చివర చాసీకి బిగించిన బాక్సు దగ్గర, రెండో చివర యాక్సిల్‌తో పాటు పైకీ కిందికీ కదిలే నకిల్ దగ్గర ఉంటుంది. 600 మిల్లీమీటర్ల లింకు 20 డిగ్రీల వాలులో ఉందనుకుందాం. యాక్సిల్ 50 మిల్లీమీటర్లు పైకి లేస్తే, లింకు అడ్డంగా ఆక్రమించే దూరం దాదాపు 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నకిల్ ఆర్మ్ 150 మిల్లీమీటర్లయితే ఆ పదహారు మిల్లీమీటర్లు చక్రాన్ని 6 డిగ్రీలు తిప్పేస్తాయి, స్టీరింగు కదలకపోయినా సరే. అదే లింకు 900 మిల్లీమీటర్ల పొడవుండి నేలకు సమాంతరంగా ఉంటే, అంతే ఎగుడుకు మారేది ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. చక్రం తిరిగేది అర డిగ్రీ. కాలవ గట్టు మీద నన్ను వణికించిందంతా ఈ తేడాయే. దాన్ని ఏ డ్యాంపరూ తీర్చలేదు. డ్యాంపరు కదలికను నెమ్మది చేయగలదు కానీ దూరాన్ని తగ్గించలేదు.

కాబట్టి బాక్సును కిందికి, ముందుకు జరపాల్సి వచ్చింది. డ్రాగ్ లింకు దగ్గరి నకిల్‌ను వదిలి, బండి అడ్డంగా ఆ చివరి నకిల్ దాకా పొడవుగా వెళ్లింది. బండి సొంత బరువు మీద నిలబడి ఉండగా లింకు మీద రసమట్టం పెట్టి చూశారు మేస్త్రిగారు. పాత లింకు కోసి అతికించినది. కొత్తదానికి ఎక్కడా అతుకు లేకుండా ఒకే గొట్టానికి రెండు చివరలా మర కోయించి, బాల్ జాయింట్లు బిగించి, నట్లకు స్ప్లిట్ పిన్నులు వేశారు. స్టీరింగులో వెల్డింగ్ మీద ప్రాణం పెట్టుకోకూడదన్నది ఆయన నియమం. లారీల కింద పడుకుని విరిగిన అతుకుల్ని చూసినవాడి నియమం.

పాత బ్రాకెట్టును కోసినప్పుడు దాని అంచున చాసీలో సన్నటి పగులు బయటపడింది. పవర్ బాక్సు తోసే బలం పాత బాక్సు కంటే ఎన్నో రెట్లు. చక్రం రాయికి ఆనుకున్నప్పుడు ఆ బలమంతా బోల్టుల మీద, చాసీ రేకు మీద పడుతుంది. పగులు చివర చిన్న రంధ్రం వేసి అది ఇంకా పాకకుండా ఆపి, అప్పుడు పూడ్చారు. చాసీ లోపలి నుంచి బయటికి మందపాటి గొట్టాలు దూర్చి, బోల్టులు వాటి గుండా పోయేటట్టు చేశారు. ఇప్పుడు బోల్టు ఎంత బిగించినా చాసీ నొక్కుకుపోదు. బ్రాకెట్టును ఎదురు చాసీకి కూడా కలిపి బలాన్ని రెండు వైపులకూ పంచారు.

స్టీరింగ్ రాడ్డులో రెండు యూనివర్సల్ జాయింట్లు ఉన్నాయి. 30 డిగ్రీల వంపులో ఉన్న ఒక్క జాయింటు ఒకే వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది, 0.87 నుంచి 1.15 దాకా. రెండో జాయింటును సమానమైన వంపులో, సరైన వరుసలో పెడితే మొదటిదాని ఎగుడుదిగుడును అది పూర్తిగా సరిపెడుతుంది. వరుస తప్పితే దాన్ని ఇంకా పెంచుతుంది. నా బండిలో పెంచేది. మలుపులో స్టీరింగ్ ఒకచోట జారిపోయి, మరోచోట పట్టేసేది. ఒక జాయింటును తీసి పావు చుట్టు తిప్పి మళ్లీ పెట్టగానే ఆ జబ్బు పోయింది.

తర్వాత మధ్య స్థానం. బాక్సు లోపలి గేర్లు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడే బిగువుగా కలుస్తాయి. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు బాక్సు కూడా తన మధ్యలో ఉండాలి. నా బండిలో స్టీరింగ్ చక్రాన్ని పీకి తిన్నగా పెట్టి అలైన్‌మెంటు అయిందనిపించారు. లోపల బాక్సు ఒక పక్కకు తిరిగి కూర్చుంది. తిన్నని రోడ్డు మీద ప్లే కనపడటానికి, కుడికి తక్కువ, ఎడమకు ఎక్కువ తిరగడానికి అదే కారణం. డ్రాగ్ లింకు పొడవు సర్ది దాన్ని మధ్యకు తెచ్చారు. బాక్సు తన చివరి హద్దు చేరకముందే నకిల్ మీది స్టాపు బోల్టు ఆనేటట్టు కూడా సరిచేశారు. లేకపోతే పూర్తిగా తిప్పిన ప్రతిసారీ నూనె రిలీఫ్ వాల్వు దగ్గర కొట్టుకుని వేడెక్కిపోతుంది.

అన్నిటికంటే ఆలోచింపజేసింది క్యాస్టర్. కింగ్‌పిన్ గీతను కొద్దిగా వెనక్కి వాల్చితే, ఆ గీత టైరు నేలను తాకే చోటికి కాస్త ముందు తగులుతుంది. అప్పుడు చక్రం ఎప్పుడూ ఆ గీత వెనకాల నడవాలని చూస్తుంది, మలుపు తర్వాత తనంత తాను తిన్నగా వస్తుంది. క్యాస్టర్ పెరిగితే స్టీరింగ్ బరువెక్కుతుంది. చేత్తో తిప్పే కాలంలో తయారీదారులు దాన్ని తక్కువగా ఉంచడానికి ఒక కారణం అదే. పవర్ స్టీరింగ్ ఉన్నప్పుడు ఆ బరువును మోసే తోడు ఉంది కాబట్టి, క్యాస్టర్‌ను కొద్దిగా పెంచుకోవచ్చు. కమాను కట్టల కింద వెడ్జ్ ముక్కలు వేసి మేస్త్రిగారు దాన్ని పెంచారు. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు వంపు హద్దు దాటకుండా చూసుకుంటూ పెంచారు. అంటే సాయం వచ్చిందని బరువును పూర్తిగా తీసేయలేదు. పనికొచ్చే బరువును కొంత తిరిగి తెచ్చి పెట్టారు. నిలకడ ఇచ్చే బరువు అది. బాధపెట్టే బరువును తీసేశారు. రెండూ చేతికి ఒకేలా తెలుస్తాయి. వాటిని వేరు చేసి చూడగలగడమే నైపుణ్యం.

పాత స్టీరింగే తిరిగి పెట్టించవచ్చు కదా అని మిత్రులు అడిగారు. అది గౌరవించదగ్గ దారే. పవర్ స్టీరింగును ఉంచడానికి నాకున్న కారణం సూటిగానే ఉంది. నా భుజాలకు వయసొస్తోంది. మారేడుమిల్లి ఘాట్ మీద ఈ బండిని ఇంకా చాలా ఏళ్లు నడపాలని ఉంది. సాయం తీసుకోవడంలో నాకు చిన్నతనం లేదు. అయితే తీసేసిన పాత భాగాల్లో దొరికినన్ని తుడిచి, గ్రీజు పూసి, పేర్లు రాసి దాచాను. చేసిన ప్రతి మార్పునూ కొలతలతో ఒక పుస్తకంలో రాశాను. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు కూడా 50 ఏళ్లు దాటి, చాసీ, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేని బండ్లకే వర్తిస్తాయి. చట్టం మాట అటుంచినా, నా తర్వాత ఈ బండి కింద పడుకునే మనిషి నా ఆలోచనను వెల్డింగ్ మచ్చల నుంచి ఊహించుకోవాల్సిన అగత్యం ఉండకూడదు. ముందటివాళ్లు నాకు అలాంటి కాగితం ఒక్కటి వదిలి ఉంటే ఎంత మేలు జరిగేదో నాకు తెలుసు.

ఇప్పుడు స్టీరింగ్ వేలితో తిరగదు, అరచేతితో తిరుగుతుంది. కంకర మీద సన్నటి గరగర చేతికి అందుతుంది. తడి మట్టిలోకి దిగగానే పట్టు తగ్గిందని కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది. టైరులో గాలి తగ్గితే ఆ పక్కకు లాగుడు తెలుస్తుంది. రోడ్డు చెప్పే ఈ కబుర్లన్నీ ఇన్నాళ్లూ నూనెలో కలిసిపోయాయి. వాటిని వినిపించనివ్వని తేలిక డ్రైవరును కాపాడదు, ఒంటరిని చేస్తుంది.

పలక మీద పిల్లవాడి చేత అక్షరాలు దిద్దించేటప్పుడు పెద్దవాళ్లు చేసేది కూడా ఇలాంటి సాయమే. చేయి మీద చేయి ఉంటుంది కానీ, కదలిక పిల్లవాడిదే కావాలి. బలపం గీసుకుపోయే బరుకుదనం వాడి వేళ్లకు తెలియాలి. వేగంగా అందంగా రావాలని మనమే గీసేస్తే పలక మీద అక్షరం పడుతుంది, చేతికి మాత్రం రాదు. పిల్లల చదువులోనైనా, ముసలివాళ్ల సేవలోనైనా, ఊళ్లకు చేసే మేలులోనైనా సాయం చేసేవాళ్లు ముందు అడగాల్సింది ఒకటే: ఇక్కడి కష్టంలో తీసేయాల్సింది ఏది, మనిషికి దారి చెబుతున్నది ఏది? ఈ ప్రశ్న వేయకుండా ఇచ్చిన తేలిక, లోపాన్ని అలాగే ఉంచి దాని గొంతు మాత్రం నొక్కుతుంది. గొంతు నొక్కుకుపోయిన లోపం ఎక్కడో ఒక తూము దగ్గర తప్పకుండా బయటపడుతుంది.

పాత బండి ఉన్నవాళ్లకు నేను మనసారా చెప్పేది ఇది. స్టీరింగ్ బరువుగా ఉంటే పంపు కోసం వెతకడానికి ముందు టైరు చూడండి, కింగ్‌పిన్ చూడండి, క్యాస్టర్ కొలవండి, లింకు మీద రసమట్టం పెట్టండి. అవన్నీ సరిచేశాక కూడా మిగిలిన బరువు ఉంటే దానికి సాయం తీసుకోండి, సంకోచం లేకుండా తీసుకోండి. అప్పుడు కావలసిన సాయం చాలా కొద్దిగా ఉంటుంది. లోపం తీరాక మిగిలిన కష్టానికి తోడుగా వచ్చే సాయం మనిషిని నిలబెడుతుంది, నేర్పుతుంది, చాలాకాలం మన్నుతుంది. యంత్రం విషయంలో నేను రుజువు చూసిన ఈ మాటను మనుషుల విషయంలోనూ నమ్ముతున్నాను.